పదో తరగతి మెమో, జర్మనీ వార్డు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను 2015 బ్యాచ్. యాభై ఏళ్ల సంఘం సభలో మాట్లాడే వయసు గానీ హోదా గానీ నాకు లేవు. ముందు వరుసలో డాక్టర్లున్నారు, హెడ్మాస్టర్లుగా రిటైరైన పెద్దలున్నారు. నేను జర్మనీలో ఒక ఆస్పత్రిలో దాదాపు మూడేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను, అంతే. కార్యదర్శి గారితో ఈ మాటే అన్నాను. "నర్సింగ్ చదివే ఆడపిల్లలు మన దగ్గర ఇప్పుడు వాడకు ఇద్దరు ముగ్గురున్నారమ్మా. బయటి దేశం పంపాల్నా వద్దా అని వాళ్ల తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతున్నారు. మాకు చెప్పడం రావట్లేదు. నువ్వు వచ్చి చెప్పు" అన్నారు. అందుకని ఈ ఇరవై నిమిషాలూ ఆ తల్లిదండ్రులతోనే మాట్లాడతాను. గురువుల గురించి కూడా చెప్తాను గానీ పొగడ్తగా కాదు. వాళ్లు చెప్పిన పాఠం ఎక్కడ పనికొచ్చిందో లెక్క చెప్తాను.

ముందు పాస్‌పోర్టు సంగతి. మా నాయిన 2004లో గల్ఫ్ పోయిండు. ఈ సభలో సగం ఇళ్లకు ఆ కథ తెలుసు కాబట్టి పొడిగించను. ఏజెంటుకు కట్టిన పైసలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చినవి. అసలు తీరడానికే మూడేళ్లు పట్టింది. ఆయన చదివింది ఆరో తరగతి. ఆయన పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ముద్ర ఉండేది. అంటే గల్ఫ్ సహా కొన్ని దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ఎమిగ్రేషన్ ఆఫీసు అనుమతి కావాలి. ఇప్పుడు ఆ జాబితాలో 18 దేశాలున్నాయి. పదో తరగతి పాసైన వాళ్ల పాస్‌పోర్టు మీద ఆ ముద్ర పడదు. నా పాస్‌పోర్టు కోసం జతచేసిన కాగితం ఈ బడి నుంచి వచ్చిన పదో తరగతి మెమో. నా పాస్‌పోర్టు ఇంటికొచ్చిన రోజు మా నాయిన దాన్ని చివరి పేజీ దాకా తిప్పి చూసిండు. ముద్ర లేదు. "మంచిదే" అని మళ్లీ కవర్లో పెట్టిండు.

అయితే ముద్ర లేకపోయినా, నర్సులు ఆ 18 దేశాలకు పోవాలంటే అనుమతి తప్పదు. 2015లో కేంద్ర ప్రభుత్వం, ఆ దేశాలకు నర్సుల నియామకం ప్రధానంగా ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని నియమం పెట్టింది. లక్షలకు లక్షలు వసూలు చేసిన ఏజెంట్ల ఆగడాలు బయటపడ్డ తర్వాత వచ్చిన నియమం అది. మన తెలంగాణకు టామ్‌కామ్ ఉంది, ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్ ఉంది, కేరళకు నోర్కా రూట్స్, ఒడెపెక్ ఉన్నాయి. జర్మనీ ఆ 18లో లేదు. అందుకే అక్కడికి పంపుతామంటూ ఎవరు పడితే వాళ్లు బోర్డు పెడుతున్నారు. అలాంటి ఒక ఆఫీసుకు మేమూ పోయాం.

2021 చివర్లో నా బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది. కరోనా వల్ల మా బ్యాచ్‌కు పరీక్షలు ఆలస్యమయ్యాయి. నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకొని హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరాను. జీతం నెలకు 16 వేలు. హాస్టలుకు ఆరు వేలు. ఆ రోజుల్లోనే ఎవరో చెప్తే నేను, నాయిన ఒక ఏజెన్సీ ఆఫీసుకు వెళ్లాం. అద్దాల గది, ఏసీ, గోడ మీద జర్మనీ కోటల బొమ్మలు. ఐదు లక్షలు అన్నారు. భాష రాకపోయినా పర్వాలేదు, అక్కడికి పోయాక అదే వస్తుంది అన్నారు. సగం ఇప్పుడు, సగం వీసా వచ్చాక. మాకున్నది ఎకరం పావు. అందులో అర ఎకరం అమ్మితే వచ్చే లెక్క అది. నేను నోరు విప్పకముందే నాయిన అడిగిండు, "రసీదు ఇస్తరా సార్?" అని. ఆ మనిషి నవ్వి, "నమ్మకం మీద నడిచే పని పెద్దాయనా ఇది" అన్నాడు. నాయిన లేచి నిలబడ్డడు. కిందికి దిగాక ఒక్క మాటే అన్నడు: "నేను పోయినప్పుడు గూడ గిట్లనే అన్నరు బిడ్డా."

తల్లిదండ్రులు ఇది రాసుకోండి. విదేశాల్లో ఉద్యోగానికి మనుషుల్ని పంపే ఏజెంటుకు మన దేశంలో లైసెన్సు ఉండాలి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఇచ్చే లైసెన్సు అది. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఏజెన్సీ పేరు కొడితే లైసెన్సు ఉందో లేదో తెలుస్తుంది. సేవా రుసుము కింద వాళ్లు తీసుకోగలిగింది ఎక్కువలో ఎక్కువ 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. రసీదు ఇచ్చి తీరాలి. ఇక జర్మనీ విషయానికొస్తే, నర్సు దగ్గర పైసా తీసుకోకుండా ఆస్పత్రే ఖర్చు భరించే పద్ధతి ఒకటుంది. అలా పనిచేసే ఏజెన్సీలకు జర్మన్ ప్రభుత్వం ఒక నాణ్యతా ముద్ర కూడా ఇస్తోంది. ట్రిపుల్ విన్ అనే కార్యక్రమం ఉంది, దాన్ని జర్మనీ ప్రభుత్వ సంస్థలే నడుపుతాయి. కేరళ వాళ్లు 2021 డిసెంబరులోనే అందులో ఒప్పందం చేసుకున్నారు. నేను ఆస్పత్రి ఖర్చు పెట్టుకునే పద్ధతిలోనే వెళ్లాను. మా అర ఎకరంలో మొన్న వానాకాలం వరి కోశారు.

ఆస్పత్రి ఖర్చు పెట్టుకుంటుంది అంటే దానికీ ఒక ముడి ఉంటుంది. ఇన్నేళ్లలోపు మానేస్తే ఇంత తిరిగి కట్టాలి అని ఒప్పందంలో రాస్తారు. ఆ ఏళ్లెన్ని, ఆ మొత్తమెంత, నెలనెలా తగ్గుతుందా లేదా, ఈ మూడూ సంతకానికి ముందే చదవాలి. ఒప్పందం జర్మన్‌లో ఉంటుంది. అర్థం కానిదాని మీద సంతకం పెట్టొద్దు.

ఇప్పుడు భాష. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమనుకోకండి. జర్మనీలో నర్సుగా గుర్తింపు కావాలంటే జర్మన్ భాషలో బి2 అనే స్థాయి దాకా రావాలి. ఎ1, ఎ2, బి1, బి2, ఇలా మెట్లుంటాయి. బి1 ఇక్కడ పూర్తి చేసి, బి2 అక్కడికి వెళ్లాక పూర్తి చేసేవాళ్లు చాలామంది. నేనూ అంతే. ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లో తొమ్మిది నెలలు క్లాసులకు పోయాను. మా క్లాసులో ఇరవై ఇద్దరం. పద్దెనిమిది మంది ఎల్కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లం నలుగురం. మొదటి వారం మేం నలుగురం చివరి బెంచీలో కూర్చున్నాం. మూడో నెల వచ్చేసరికి మిగతావాళ్లు వ్యాకరణం అడగడానికి మా బెంచీకి రావడం మొదలుపెట్టారు.

కారణం ఇదిగో, ఆ రెండో వరుసలో కూర్చున్నారు. మా తెలుగు సారు. పేరు చెప్తే కోప్పడతారు కాబట్టి చెప్పను. విభక్తులు అప్పజెప్పకపోతే ఎండలో నిలబెట్టేవారు, ఆ సంగతి నా బ్యాచ్ వాళ్లందరికీ తెలుసు. జర్మన్‌లో నామవాచకానికి నాలుగు విభక్తులు. నాలుగని చెప్పగానే క్లాసు మొత్తం గుండె పట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. సంబోధనతో కలిపి ఎనిమిది చదివినవాళ్లకు నాలుగు ఒక లెక్కా?

ఇంకా ఉంది. చలేస్తోంది అని చెప్పాలనుకోండి. జర్మన్‌లో "మీర్ ఇస్ట్ కాల్ట్" అంటారు. మాటకు మాట "నాకు చలిగా ఉంది" అనే. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్లు "ఇష్ బిన్ కాల్ట్" అనేవారు. అంటే "నేను చల్లగా ఉన్నాను", నేను చల్లబడిపోయాను అన్నట్టు. కళ్లు తిరుగుతున్నాయన్నా, కడుపులో తిప్పుతోందన్నా జర్మన్ పేషెంటు "నాకు" అనే మొదలుపెడతాడు, అచ్చం మన ఊరి ముసలాయన చెప్పినట్టు. వార్డులో రోజంతా వినేది ఆ మాటలే. మరొకటి, మన వాక్యంలో క్రియ చివరికొస్తుంది. జర్మన్‌లో "ఎందుకంటే", "అని" లాంటి మాటలతో వచ్చే ఉపవాక్యంలో క్రియ చివరికే పోతుంది. రాత్రి డ్యూటీ నర్సు అప్పజెప్పేటప్పుడు వాక్యం చివరి దాకా ఆగి వింటేనే పేషెంటు నిద్రపోయాడో లేదో తెలుస్తుంది. అలా చివరి దాకా ఆగడం మనకు పుట్టుకతో వచ్చిందే. "మీరు", "నువ్వు" తేడా జర్మన్‌లో ఉంది. పేషెంటును ఎప్పుడూ "మీరు" అనే అనాలి. సమాసాలున్నాయి. ఆస్పత్రిని రోగుల ఇల్లు అంటారు, గ్లౌజును చేతి బూటు అంటారు. ఇక వాళ్ల భాషలో "అమ్మాయి" అనే మాట నపుంసకలింగం. ఇది విని క్లాసులో అమ్మాయిలంతా గొడవ చేశారు. నేను మాత్రం అనుకున్నాను, మన దగ్గరా బస్సు వచ్చింది, బర్రె వచ్చింది, అమ్మాయి వచ్చింది, అన్నీ "వచ్చింది" కదా అని.

సారూ, మీరు "కు"ను షష్ఠీ విభక్తిలో చెప్పారు. జర్మన్ వాళ్లు దానికి వేరే పేరు పెట్టి వేరే గడిలో రాస్తారు. అది తప్ప మీరు చెప్పిందంతా పనికొచ్చింది.

పనికి రాకపోగా ప్రమాదంగా ఉన్నది అంకెలు. మనం ఇరవై ఐదు అంటాం. వాళ్లు "ఐదూ ఇరవై" అంటారు. ఎనభై ఐదును "ఐదూ ఎనభై" అంటారు. బీపీ, పల్స్, షుగర్ ఫోన్లో వేగంగా చెప్తుంటే 58 రాయాలో 85 రాయాలో చెయ్యి తడబడుతుంది. పైగా మనం చుక్క పెట్టే చోట వాళ్లు కామా పెడతారు. రెండున్నర మిల్లీగ్రాములు అంటే 2,5 అని రాస్తారు. కొత్తలో నేను ప్రతి అంకెనూ తిరిగి ఒక్కొక్కటిగా చదివి వినిపించి, సరే అన్నాకే రాసేదాన్ని. విసుక్కున్నవాళ్లున్నారు. విసుక్కోనిచ్చాను. ఇప్పటికీ మందు మోతాదైతే అలాగే చేస్తాను.

బి1 పరీక్షలో వినడం అనే భాగం ఒక్కటే రెండోసారి రాసి, 2022 చివరికి పూర్తి చేశాను. కాగితాలు, అనువాదాలు, వీసా అయ్యేసరికి 2023 మార్చి వచ్చింది.

అక్కడికి వెళ్లగానే నర్సు అయిపోతామని చాలామంది అనుకుంటారు. కారు. జర్మనీలో 16 రాష్ట్రాలున్నాయి. మనం పనిచేసే రాష్ట్రపు అధికారులు మన నాలుగేళ్ల చదువును, థియరీ గంటలు, ప్రాక్టికల్ గంటలు సహా, వాళ్ల మూడేళ్ల శిక్షణతో పోల్చి చూస్తారు. ఎక్కడ తగ్గిందో ఒక ఉత్తరం పంపుతారు. ఆ తక్కువను పూడ్చడానికి రెండు దారులు. ఒకటి కొన్ని నెలల అనుసరణ శిక్షణ. రెండోది పరీక్ష. దాన్ని కెంట్నిస్‌ప్ర్యూఫుంగ్ అంటారు. ఒక మౌఖికం, వార్డులో అసలు పేషెంట్ల దగ్గర ఒక ప్రాక్టికల్. తప్పితే ఇంకొక్కసారే అవకాశం. అది అయ్యేదాకా మనల్ని సహాయకులుగానే లెక్కేస్తారు, జీతం కూడా అదే. నాకు ఆ పది నెలలు చేతికి సుమారు 1,850 యూరోలు వచ్చేవి. నర్సుగా గుర్తింపు వచ్చాక ఇప్పుడు 2,200 దాకా వస్తోంది. పన్ను, ఆరోగ్య బీమా, పెన్షన్, నిరుద్యోగ బీమా, ముసలితనంలో సంరక్షణ బీమా, ఇవన్నీ జీతంలోంచి ముందే పోతాయి. కాగితం మీది జీతంలో మూడో వంతు కనిపించదనుకోండి. ఒక గదికి 550. అద్దెకు దిగేటప్పుడు మూడు నెలల అద్దె దాకా అడ్వాన్సు అడగొచ్చు. ఊళ్లో మాత్రం 2,200ను రూపాయల్లోకి మార్చి "నెలకు రెండు లక్షలట" అంటున్నారు. ఖర్చు కూడా యూరోల్లోనే కదా, దాన్ని మాత్రం ఎవరూ మార్చరు.

ఇప్పుడు అసలు మాట. ఇది ఇక్కడ బహిరంగంగా చెప్పాలనే వచ్చాను.

మొదటి రోజు పొద్దున ఆరు గంటలకు డ్యూటీ. రాత్రి వాళ్లు అప్పజెప్పడం అయ్యాక మా ఇన్‌చార్జి నాకు ఒక టబ్బు, రెండు టవల్స్, గుడ్డలు ఇచ్చి ఒక గది చూపించింది. అందులో ఎనభై నాలుగేళ్ల అవ్వ. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఆమెకు స్నానం చేయించాలి. ముఖం, చేతులు, ఛాతీ, వీపు, కాళ్లు, చివరికి మర్మాంగాలు, ఆ వరుసలో. తర్వాత పళ్ల సెట్టు కడగాలి, జుట్టు దువ్వాలి, మంచం అంచున కూర్చోబెట్టాలి, రొట్టెకు వెన్న రాసి ఇవ్వాలి. తర్వాత పక్క మంచం. మన దగ్గర ఈ పనులన్నీ పేషెంటు వెంట వచ్చిన ఆడపడుచో కోడలో చేస్తుంది, లేకపోతే ఆయమ్మ చేస్తుంది. మేం బీఎస్సీలో బెడ్ బాత్ నేర్చుకున్నది నిజమే. రికార్డు బుక్కులో బొమ్మ గీసి సంతకం పెట్టించుకున్నాం. అక్కడ పేషెంటు వెంట ఎవరూ ఉండరు. చూడటానికి వేళల్లో వచ్చి పువ్వులిచ్చి వెళ్లిపోతారు. కాబట్టి మొత్తం నర్సు పనే.

నాతోపాటు వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒకమ్మాయి మూడో వారంలో ఏడ్చింది, డిగ్రీ చదివింది దీనికా అని. ఆమె ఏడుపు నాకు అర్థమైంది. నాకు మాత్రం అలా అనిపించలేదు. ఎందుకంటే ఆ స్నానం చేయిస్తున్నప్పుడు మా ఇన్‌చార్జి పక్కన నిలబడి అడిగిన ప్రశ్నలు అలాంటివి. మడమ ఎర్రగా ఉందా? వేలితో నొక్కు, తెల్లబడిందా, ఎరుపు అలాగే ఉందా? ఊపిరి నిన్నటికంటే పైపైన తీస్తోందా? నిన్న కుడిచేత్తో దువ్వెన పట్టిన మనిషి ఇవాళ ఎడమచేత్తో ఎందుకు పట్టింది? డాక్టరు రౌండ్సుకు వచ్చి రెండు నిమిషాలు ఉంటాడు. ఆ ఒంటిని అరగంట చూసేది నర్సు ఒక్కతే. 2020 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన వాళ్ల నర్సింగ్ చట్టంలో, పేషెంటుకు ఏ సంరక్షణ అవసరమో నిర్ణయించడం నర్సు పనిగానే రాశారు, దాన్ని ఇంకొకరికి అప్పగించడానికి వీల్లేదు. తుడవడం, చూడటం, నిర్ణయించడం అక్కడ ఒకే పని.

ఊళ్లో ఎవరైనా "మీ బిడ్డ ఆడ ఏం పని జేస్తది?" అని అడిగితే మా అమ్మ "ఇంజెక్షన్లు ఇస్తది, గోలీలు ఇస్తది" అనేది. అందులో అబద్ధం లేదు, సగం మాట. మిగతా సగం చెప్తే మనసులో ఏమనుకుంటారో ఆమెకు తెలుసు. ఎవరి ఒళ్లు ఎవరు కడగాలి అనే లెక్క మన ఊళ్లలో ఎంత పాతదో ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పక్కర్లేదు.

2024 జూన్‌లో మా నాయనమ్మకు పక్షవాతం వచ్చింది. జిల్లా దవాఖానలో పన్నెండు రోజులుంచి ఇంటికి పంపించారు. కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది. మా అమ్మకు నడుం నొప్పి, ఆమె ఒక్కతే తిప్పలేదు. నేను అప్పటికి నర్సుగా గుర్తింపు తెచ్చుకొని నాలుగు నెలలు. ఆగస్టులో మూడు వారాల సెలవు దొరికింది గానీ అప్పటిదాకా ఎవరు చూడాలి? మన వేళకూ వాళ్ల వేళకూ ఎండాకాలంలో మూడున్నర గంటల తేడా. మధ్యాహ్నం డ్యూటీ ఉన్న రోజుల్లో మన పొద్దున ఎనిమిదిన్నరకు, అంటే అక్కడ ఇంకా ఐదు గంటలకు, ఫోన్లో వీడియో పెట్టి నాయినకు చెప్పేదాన్ని. రెండు గంటలకొకసారి తిప్పు. పూర్తిగా పక్కకు కాదు, వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా. పిక్కల కింద మడత దుప్పటి పెట్టు, మడమ గాల్లో ఉండాలి, పరుపుకు తగలొద్దు. దుప్పటి మీద లాగొద్దు, ఎత్తి జరుపు. తడి ఉండనీయకు. ఎర్రబడిన చోట నొక్కి చూపించు.

మొదటి రోజు నాయిన గది బయట నిలబడ్డడు. "ఆడోళ్ల పని గద బిడ్డా, మా అవ్వను నేనెట్ల కడుగుత" అన్నడు. నేను "నేను రోజూ ఎనిమిది మందికి చేస్తున్న నాయినా, అందుట్ల మొగోళ్లు గూడ ఉన్నరు" అన్న. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను అక్కడ చేసే పని ఏందో మా నాయినకు మొదటిసారి పూర్తిగా తెలిసింది అప్పుడే. తర్వాత ఫోను గూట్లో పెట్టి, చేతులు కడుక్కొని లోపలికి పోయిండు.

నాయనమ్మ ఏడు నెలలు మంచంలో ఉంది. పోయిన రోజు స్నానం చేయించడానికి వచ్చిన మా మేనత్తలు వీపు చూసి ఆశ్చర్యపోయారట. ఒక్క పుండు లేదు. "ఎవలు జూసిన్రు గింత మంచిగ?" అని అడిగితే మా అమ్మ, "కొడుకు జూసిండు. బిడ్డ జెప్పింది. అది ఆడ జేసే పని గిదే" అందట.

చేదు కూడా చెప్పాలి. ఒక పెద్దాయన నన్ను చూసి మొహం తిప్పుకొని "నాకు జర్మన్ నర్సు కావాలి" అన్నాడు. నాకు భాష బాగానే అర్థమైంది, అదే బాధ. మా ఇన్‌చార్జి వచ్చి, "ఈరోజు ఈ గదికి నర్సు ఈమే. వద్దంటే మధ్యాహ్నం రెండు గంటలకు డ్యూటీ మారేదాకా ఆగండి" అని చెప్పి వెళ్లిపోయింది. ఆయన పదకొండింటి దాకా ఆగి బెల్లు కొట్టాడు. స్నేహితులమేమీ కాలేదు. పని చేశాను, థాంక్స్ అన్నాడు. అలా వెనకేసుకొచ్చే ఇన్‌చార్జి అందరికీ దొరకదు. దొరకనివాళ్లు నాకు తెలుసు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఆదివారం దుకాణాలుండవు. పలకరించే మనిషి లేక రెండు రోజుల సెలవు మొత్తం మంచంలో గడిపిన పిల్లలున్నారు. మీ అమ్మాయి ఒంటరితనం తట్టుకోగలదా అనేది ఆమె మార్కుల్లో కనిపించదు. అమ్మగా మీకే తెలుస్తుంది.

ఇంకొక సంగతి. నిన్న సాయంత్రం మా సైన్సు టీచరమ్మ అడిగారు, "మీరంతా పోతే మన దవాఖానల్ల ఎవరుంటరే?" అని. సభలో చెప్తానన్నాను. టీచర్, నా దగ్గర పూర్తి జవాబు లేదు. పేద దేశాల నర్సుల్ని ధనిక దేశాలు ఇష్టమొచ్చినట్టు లాక్కుపోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే నియమావళి చేసింది. మన సుప్రీంకోర్టు 2016లో ప్రైవేటు నర్సుల జీతాల మీద కమిటీ వెయ్యమంది. యాభై పడకల కంటే చిన్న ఆస్పత్రిలో కూడా 20 వేలకు తక్కువ ఇవ్వొద్దని ఆ కమిటీ చెప్పింది. ఆరేళ్ల తర్వాత, హైదరాబాద్ నడిబొడ్డున, అంతకంటే చాలా పెద్ద ఆస్పత్రిలో నా చేతికొచ్చింది 16 వేలు. రాత్రి డ్యూటీలో ముప్పై మందికి ఇద్దరం. ఉండమని అడిగే హక్కు మీకుంది టీచర్, ఎందుకంటే మీరు నాకు చదువు చెప్పారు. ఆ ఆస్పత్రికి మాత్రం లేదని నా అభిప్రాయం. తిరిగొస్తానా అంటే, ఇప్పుడైతే చెప్పలేను. వచ్చినా రాకున్నా, ఇంట్లో మంచాన పడ్డవాళ్లను ఎలా తిప్పాలో, ఎలా తుడవాలో ఊళ్లో నేర్పించాలని ఉంది. మొన్న మా వాడలో మొదలుపెట్టాం. నేర్పించింది నేను కాదు, మా నాయిన. నలుగురు మగవాళ్లు వచ్చారు, మంచం మీద పేషెంటుగా మా తమ్ముణ్ణి పడుకోబెట్టారు.

సమయం అయిపోయిందని కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. నేను ఇంకా తొమ్మిది రోజులు ఊళ్లో ఉంటాను. రేపు పొద్దున పది గంటల నుంచి పదో తరగతి బి సెక్షన్ గదిలో కూర్చుంటాను, తాళం చెవి అటెండరు అన్న దగ్గర తీసుకున్నాను. నర్సింగ్ చదువుతున్నవాళ్లు, చదివినవాళ్లు తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకొని రండి. ఎవరైనా ఏజెన్సీ ఇచ్చిన కాగితం ఉంటే తీసుకురండి, కలిసి చదువుదాం. ఇప్పటికే పైసలు కట్టినవాళ్లు సిగ్గుపడకుండా రండి, రసీదు ఉన్నా లేకున్నా. మా నాయిన కూడా వస్తానన్నడు.